డైలాగు లేని గుర్రం

పోయిన ఆదివారం మారతహళ్లిలోని మా ఇంట్లో మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది, టీవీలో. కథానాయకుడు ఒక గుర్రం. ఆ రెండున్నర గంటల్లో ఇంటిల్లిపాదీ కార్చిన కన్నీటిని నిశితంగా పరిశీలించి, తేలిన సత్యాలను ప్రజాహితం కోరి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

బెంగళూరులో ఇది అనపకాయల కాలం. మా అత్తగారు నానబెట్టిన గింజలు ఒళ్లో పెట్టుకుని పితికిన పప్పు తీస్తున్నారు. రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు టప్పున గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్లకు అంటుకుంటుంది. తెర మీద ఆశ్వికదళం కత్తులు దూసి మెషిన్ గన్లకు ఎదురువెళ్లింది. మనుషులు వరసలు వరసలుగా రాలారు. పప్పు కూడా అదే వేగంతో రాలుతూనే ఉంది. తరువాత గుర్రం ముళ్లకంచెలో చిక్కుకుంది. ఆవిడ చేతిలోని గింజ గురితప్పి ఎగిరి మా బావమరిది కళ్లజోడుకు తగిలింది. అతను తుడుచుకోలేదు. అద్దాల వెనక తుడుచుకోవలసింది అప్పటికే చాలా ఉంది.

"గుర్రానికి ఏమీ కాదు కదా? ముందే చెప్పండి బాబూ" అన్నారు అత్తగారు. అంతకుముందు పోయిన పటాలం గురించి ఆవిడ ఇలాంటి హామీ ఏదీ కోరలేదు.

నాకు తోచిన కారణం ఒక్కటే, గుర్రానికి డైలాగులు లేవు. మన సినిమాల్లో తూటా తగిలినవాడు చెల్లెలి పెళ్లి స్నేహితుడికి అప్పగించి, అమ్మకు క్షమాపణ చెప్పుకుని, విలన్ ఆచూకీ ఇచ్చిన తరువాత గానీ తల వాల్చడు. ఈలోగా మన కన్నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. ఆ యుద్ధంలో 80 లక్షల గుర్రాలు చనిపోయాయని అంచనా. ఒక్కటీ దేశభక్తి మీద ఉపన్యసించలేదు.

అలాగని మూగతనం ఒక్కటే చాలదు, కెమెరా కూడా ఉండాలి. కురుక్షేత్రంలో అశ్వత్థామ అనే ఏనుగు ఎవరి జోలికి పోయింది? ఒక అబద్ధానికి కాస్త నిజం కలపాలి కాబట్టి భీముడు దాన్ని చంపాడు. ద్రోణుడు కొడుకు కోసం కుమిలిపోయాడు, మనం ద్రోణుడి కోసం జాలిపడ్డాం, ధర్మరాజు రథం నేలకు దిగినందుకు కూడా అయ్యో అన్నాం. ఏనుగు పేరు వచ్చేసరికి మాత్రం శంఖాలు ఊదారు.

అంత దూరం ఎందుకు, ఈ ఊళ్లోనే జె.సి. నగర్‌లో మైసూరు లాన్సర్ల స్మారక స్తంభం ఉంది. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్ దళంతో కలిసి, ఈటెలు పట్టి గుర్రాల మీద, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణంలోకి దూసుకుపోయిన దళం అది. ఆ దారిన ఎన్నిసార్లు ఆటోలో పోయానో. నా కన్ను చెమర్చింది మీటరు చూసినప్పుడే.

సినిమా అయ్యాక బావమరిది ఫోనులో వెతికి మరీ చదివి వినిపించాడు. యుద్ధంలో సేవ చేసిన జంతువులకు 1943లో బ్రిటన్‌లో డికిన్ పతకం పెట్టారు. 1949 నాటికి ఇచ్చిన 54 పతకాల్లో 32 పావురాలకే దక్కాయి. ఒక పావురమైతే సముద్రంలో కూలిన విమానం సిబ్బంది ప్రాణాలు కాపాడింది. అక్కడికి వచ్చేసరికి అతని గొంతు పూడుకుపోయింది. మంచినీళ్లు తాగి తేరుకున్నాక, పావురాలు రాకుండా మా బాల్కనీకి వల కట్టే మనిషి శనివారం పది గంటలకు వస్తున్నాడని గుర్తుచేసిందీ అతనే.

అత్తగారు మళ్లీ గింజలు అందుకున్నారు. "ఆ గుర్రానికి నిజంగా ముళ్లు గుచ్చుకోలేదు కదా?"

"సినిమా కదండీ, ఉత్తుత్తి కంచె అయి ఉంటుంది" అన్నాను. అడగకపోయినా, చచ్చిపోయిన మనుషులందరూ కూడా క్షేమమేనని చెప్పాను.

"వాళ్లకు డబ్బులిస్తారులే బాబూ" అన్నారు ఆవిడ, వేలికంటిన తొక్క విదిలిస్తూ.