ఇద్దరే వెళ్లండి, ఏమీ చేయకుండా రండి

"ఇద్దరే వెళ్లారా? పిల్లల్ని తీసుకెళ్లలేదా?"

అండమాన్ నుంచి తిరిగొచ్చాక నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. దాని తర్వాతది "ఏమేం చూశారు?" నీల్ ద్వీపంలో ఒకే చోట ఉన్నాం, పెద్దగా ఏమీ చూడలేదు అని చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో జాలి కనిపిస్తుంది. అంత డబ్బు పోసి, అంత దూరం వెళ్లి, ఊరికే కూర్చుని వచ్చారా అని. అవును, ఊరికే కూర్చోవడానికే వెళ్లాం. ఈ రెండు ప్రశ్నలకీ ఫంక్షన్ హాల్లో నిలబడి జవాబు చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పోస్ట్ పెద్దదే, ఓపికుంటే చదవండి.

మా ఇల్లు ఉప్పల్ వైపు. నేను మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి అక్కణ్నుంచి ఆఫీసు షటిల్ ఎక్కుతాను. మా ఆయన రోజూ ఔటర్ మీద శంషాబాద్ వైపు వెళ్లొస్తారు. రాత్రి ఇద్దరం ఇంట్లో కలిసేసరికి ఒకరికి కాల్ ఉంటుంది, ఇంకొకరికి పాప హోంవర్క్ ఉంటుంది. గ్యాస్ బుక్ చేశారా, స్కూల్ ఫీజు కట్టావా, అత్తయ్య బీపీ మాత్రలు అయిపోయాయి, రేపు వాటర్ ట్యాంకర్ ఎన్నింటికి వస్తుంది. మా మధ్య నడిచే మాటలు ఇవే. అన్నీ అవసరమైనవే, కాదనను. కానీ నెలల తరబడి ఇవే నడిస్తే భార్యాభర్తలు ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేసే ఇద్దరు ఉద్యోగుల్లా మిగిలిపోతారు. గొడవ ఉండదు, ప్రేమా తగ్గదు, మాట్లాడుకోవడం మాత్రం ఆగిపోతుంది. హైదరాబాద్‌లో మా వయసు జంటల్లో చాలామంది ఇలాగే ఉన్నారు. నా స్నేహితురాళ్లు దాదాపు అందరూ ఇదే చెబుతారు.

పిల్లలతో వెళ్లే ట్రిప్పులు వద్దని నేను అనడం లేదు. మేమూ వెళ్తాం, అవీ కావాలి. కానీ వాటిని విశ్రాంతి అంటే మాత్రం ఒప్పుకోను. వైజాగ్ వెళ్లినా గోవా వెళ్లినా, బయల్దేరే ముందు రాత్రి నిద్ర మానుకుని పులిహోర కలిపేది ఎవరు? జ్వరం మందు, వాంతుల మందు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తడిబట్టలకి విడిగా కవర్లు, మామయ్యగారికి కారం లేని కూర ఎక్కడ దొరుకుతుందన్న ఆలోచన, ఇవన్నీ ఎవరి తలలో తిరుగుతుంటాయి? బీచ్ దగ్గర అందరూ నీళ్లలో ఆడుతుంటే చెప్పులకీ బ్యాగులకీ కాపలా కూర్చునేది ఎవరు? ఇంట్లో చేసే పనే ఇంకో ఊళ్లో, మన స్టవ్వూ మన గిన్నెలూ లేకుండా చేయాల్సి వస్తుంది. ఇంటికొచ్చాక వారం రోజుల బట్టలు ఉతకాలి. మగవాళ్లకీ తీరిక ఉండదు. డ్రైవింగ్, పార్కింగ్, టికెట్లు, "నాన్నా ఇంకా ఎంత దూరం" అన్న ప్రశ్నకి పదిసార్లు జవాబు. కుటుంబం కోసం చేస్తాం, ఇష్టంగానే చేస్తాం. అయితే ఆ ఇద్దరూ తమ కోసం ఏడాదికో రెండేళ్లకో కొన్ని రోజులు తీసుకుంటే దాన్ని స్వార్థం అనకండి.

ఇక ప్యాకేజీల సంగతి. అండమాన్ అనగానే ఒక ట్రావెల్ ఆఫీసువాళ్లు మాకు ఐదు రాత్రులు, ఆరు పగళ్లు అని ఒక కాగితం చేతిలో పెట్టారు. విమానం దిగగానే గదిలో సామాను పడేసి సెల్యులార్ జైలుకి, సాయంత్రం అక్కడే లైట్ అండ్ సౌండ్ షో. మర్నాడు రాస్ ద్వీపం, నార్త్ బే. మూడో రోజు తెల్లవారకముందే లేచి హేవ్‌లాక్ ఫెర్రీ, మధ్యాహ్నం రాధానగర్ బీచ్‌లో రెండు గంటలు. నాలుగో రోజు పొద్దున ఎలిఫెంట్ బీచ్, అక్కణ్నుంచి ఉరుకుల పరుగుల మీద నీల్ ఫెర్రీ. ఐదో రోజు నీల్‌లో మూడు బీచ్‌లు, సాయంత్రానికి మళ్లీ పోర్ట్ బ్లెయిర్, షాపింగ్. ఆరో రోజు విమానం. ఒక్క ఉదయం కూడా అలారం లేకుండా లేచే వీలు లేదు. ప్రతి రోజూ సూట్‌కేసు సర్దడం, జెట్టీ దగ్గర లైన్లో నిలబడటం, టికెట్లు చూపించడం. ఇది మనం రోజూ చేసే ఉద్యోగం కంటే ఏ విధంగా తేలిక? పైగా అది "హనీమూన్ స్పెషల్" అట. మంచం మీద గులాబీ రేకులు, ఇసుకలో క్యాండిల్ లైట్ డిన్నర్, ఒక గంట ఫోటోషూట్. మాకు అవేవీ వద్దు, ఒకే చోట నాలుగు రాత్రులు ఉండనివ్వండి అంటే, "మేడమ్, అక్కడ అన్ని రోజులు ఏం చేస్తారు, బోర్ కొడుతుంది" అన్నారు. ఆ మాట నాకు నిజంగా బాధ కలిగించింది. పెళ్లయి చాలా ఏళ్లయిన ఇద్దరు మనుషులు ఒకరికొకరు బోర్ కొడతారని ముందే తేల్చేశారు.

రాధానగర్ గురించి ఒక మాట. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమ బీచ్ అని రాసిందీ, 2020లో శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందీ ఆ బీచ్‌కే. తెల్లటి మెత్తటి ఇసుక, వెనకాల ఆకాశాన్ని తాకే అడవి చెట్లు. అలాంటి చోటుకి రెండు గంటలు ఇవ్వడం ఏమిటి? పార్కింగ్ దగ్గర దిగి, ఇసుకలోకి నడిచి, ఫోటోలు తీసుకుని, బట్టలు మార్చుకునేసరికే ఆ రెండు గంటలూ అయిపోతాయి.

సెల్యులార్ జైలు విషయంలో నాకు ఇంకా కోపం ఉంది. 1906 నాటికి కట్టడం పూర్తయిన ఆ జైలులో ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది అండమాన్‌లోనే. 1952లో ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. మనకి ఇంత దగ్గరి చరిత్రని విమానం దిగిన అలసటతో, లంచ్‌కీ షాపింగ్‌కీ మధ్యలో చూసి రావడం సరైనది కాదని నా అభిప్రాయం. దానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. లేదంటే పిల్లలతో వెళ్లినప్పుడు చూడండి, వాళ్లకి చెప్పాల్సిన కథ అది.

బరటాంగ్ ద్వీపం ట్రిప్ గురించి ఇంకా గట్టిగా చెబుతాను. వెళ్లకండి. రోడ్డు మీద వెళ్తే ఆ దారి జారవా అనే ఆదిమ తెగవాళ్ల రిజర్వ్ అడవిలోంచే పోతుంది. చీకటితో లేచి, కాన్వాయ్‌లో వరసగా వెళ్లే బండ్లలో కూర్చుని, మనుషులు కనిపిస్తారేమో అని కిటికీల్లోంచి తొంగిచూడటం నాకు చాలా అవమానకరంగా అనిపిస్తుంది. వాళ్ల ఇల్లు అది. వాళ్లు మనల్ని పిలవలేదు.

మేం చివరికి ప్యాకేజీ లేకుండా సొంతంగా బుక్ చేసుకున్నాం. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానం, అక్కణ్నుంచి ఫెర్రీలో నీల్. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ పేరు షహీద్ ద్వీప్‌గా మారింది. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. టికెట్ల మీద కొత్త పేర్లు చూసి కంగారు పడొద్దని చెబుతున్నా. నీల్ సైకిల్ మీద తిరిగేయగలిగేంత చిన్న ఊరు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఊళ్ల పేర్లు చాలావరకు రామాయణమే: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రాంనగర్. అక్కడి తోటల్లో పండే కూరగాయలు మిగతా అండమాన్‌కీ వెళ్తాయి. బజారులో చిన్న బెంగాలీ హోటల్లో అన్నం, పప్పు, చేపల పులుసు. ఒక కొట్టులో మా మాటలు విని "ఏ ఊరమ్మా మీది" అని శ్రీకాకుళం యాసలో పలకరించిన ఆవిడతో అరగంట కబుర్లు. అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు.

అక్కడ పొద్దు మన లెక్కలో నడవదు. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద పెట్టారు, అది మన కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. అండమాన్ దానికి బాగా తూర్పున, హైదరాబాద్ కాస్త పడమరన ఉన్నాయి. అందుకే సూర్యుడు అక్కడ మనకంటే దాదాపు గంట ముందు ఉంటాడు. చలికాలంలో ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం. ఆరింటికి చిమ్మచీకటి. ప్యాకేజీలవాళ్లు దీన్ని నష్టంగా చూస్తారు, తిరిగే టైమ్ తగ్గిపోయిందని. నాకైతే ఆ ద్వీపం ఇచ్చే అన్నిటికంటే గొప్ప విషయం అదే. ఆరు నుంచి తొమ్మిది దాకా వెళ్లడానికి చోటు లేదు, చేయడానికి పని లేదు. వరండాలో రెండు కుర్చీలు, అంతే.

మొదటి రోజు కష్టంగానే ఉంటుంది, అది దాచను. మా ఆయన పది నిమిషాలకోసారి ఫోన్ తీశారు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కిందుగా కేబుల్ వేశాక అండమాన్‌కి ఇంటర్నెట్ మెరుగైంది, కాబట్టి సిగ్నల్ లేదన్న సాకు ఇదివరకంతగా పనికిరాదు. ఆఫీసు వాట్సాప్ గ్రూపుని మనమే ఆపుకోవాలి. రెండో రోజుకి ఆయన చెట్టు నీడలో, ఇసుక మీద దుప్పటి పరుచుకుని రెండు గంటలు నిద్రపోయారు. ఆదివారం మధ్యాహ్నాలు కూడా ఆయన అలా నిద్రపోవడం నేను చూడలేదు. ఆ తర్వాత మా రోజుని సముద్రమే నడిపింది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు, ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. ఆటు సమయంలో లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజంగా ఏర్పడిన రాతి వంతెన దాకా నడిచి వెళ్లొచ్చు. పోటు ఉన్నప్పుడు భరత్‌పూర్‌లో నీళ్లలో దిగొచ్చు. దేనికీ టైమ్ టేబుల్ రాసుకోలేదు, జెట్టీ దగ్గర అడిగితే చెబుతారు.

మూడో రోజు రాత్రి అనుకుంటా, మా ఆయన ఉన్నట్టుండి అడిగారు: "మీ నాన్నగారు పోయినప్పుడు నువ్వు ఏడవలేదు. ఎందుకని అప్పట్నుంచీ అడగాలనుకుంటున్నా." అది జరిగి చాలా కాలమైంది. నేను చెప్పాను. ఇంటినిండా చుట్టాలు, ఎవరికి కాఫీ, ఎవరికి పక్క, పంతులుగారికి ఏం కావాలి, అమ్మకి షుగర్ చూడాలి, ఏడవడానికి ఖాళీ లేదు, ఆ తర్వాత ఇక ఏడుపు రాలేదు. ఆ రాత్రి వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. ఆయన ఏమీ అనలేదు, పక్కన కూర్చున్నారు. ఈ మాట ఉప్పల్‌లో మా ఇంట్లో ఎప్పటికీ వచ్చేది కాదు. అడగాలని గుర్తొచ్చే లోపు కుక్కర్ విజిల్ వేస్తుంది, డోర్‌బెల్ మోగుతుంది. "ఏమేం చూశారు" అని అడిగినవాళ్లకి ఇది ఎలా చెప్పను?

వెళ్లేవాళ్లకి కొన్ని విషయాలు. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లండి. ఆటు సమయంలో బయటపడే పగడపు దిబ్బల మీద నడవకండి, అవి రాళ్లలా కనిపించినా ప్రాణమున్న జీవులు. సముద్రం వేడెక్కి 2010లో అక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి దెబ్బతిన్నాయి, మన కాళ్లు కూడా తోడవ్వక్కర్లేదు. పగడపు ముక్క ఒక్కటి కూడా సంచిలో వేసుకోవద్దు, అది నేరం. సన్‌స్క్రీన్ ఒళ్లంతా పూసుకుని నీళ్లలో దిగేకంటే చేతులు కప్పే బట్టలు వేసుకోవడం మేలు. సాయంత్రాలు ఇసుకలో చిన్న ఈగలు కుడతాయి, దద్దుర్లు వారం దాకా దురద పెడతాయి, పొడుగు ప్యాంటు తప్పనిసరి. ఈతకి అనుమతి లేదని బోర్డు ఉన్న చోట దిగకండి, ఆ నీళ్లలో మొసళ్లుండే చోట్లున్నాయి. వాతావరణం బాగోకపోతే ఫెర్రీలు రద్దవుతాయి, కాబట్టి విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్ చేరుకునేలా చూసుకోండి.

పిల్లల విషయానికొస్తే, మా పిల్లలిద్దరూ దసరా సెలవుల్లో అమ్మమ్మ దగ్గర ఉన్నారు. మేమంతా వేసవి సెలవులు అమ్మమ్మల ఇళ్లలోనే గడిపి పెరిగాం కదా, అప్పుడు మా అమ్మానాన్నల్ని ఎవరూ "పిల్లల్ని వదిలేశారా" అని అడగలేదు. ఇప్పుడెందుకు అడుగుతున్నారు? పిల్లలు మా ఫోన్ కోసం ఎదురుచూడనేలేదు. అమ్మ వాళ్లకి రోజూ సున్నుండలు చేసి పెట్టింది, రాత్రుళ్లు డాబా మీద పడుకోబెట్టింది. ఫోన్లో అమ్మ అన్న మాట మాత్రం చెప్పాలి: "మీ నాన్నా నేనూ ఒక్కసారైనా అలా వెళ్లుంటే బాగుండేదే." ఆ మాట విన్నాక నన్ను ఎవరేం అడిగినా పట్టించుకోవడం మానేశాను.

మన సిటీలో ట్రావెల్ ఆఫీసులు నడిపేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక విన్నపం. ఒకే ద్వీపం, ఒకే గది, నాలుగు రాత్రులు, మధ్యలో ఏ టికెట్టూ లేకుండా ఒక ప్యాకేజీ పెట్టండి. పెళ్లయి ఎన్నేళ్లయిందని అడగొద్దు, పువ్వులు చల్లొద్దు. మా వదినా అన్నయ్యా ఫిబ్రవరిలో వెళ్దామనుకుంటున్నారు. అలాంటిది ఉంటే చెప్పండి, మొదటి బుకింగ్ వాళ్ల పేరు మీద నేనే చేస్తాను.