గెలిస్తేనే మన బిడ్డ

మంచు మీద స్కీయింగ్ చేసే క్రీడాకారిణి ఐలీన్ గూ అమెరికా మనిషా, చైనా మనిషా? 2019లో, పదిహేనేళ్ల వయసులో, ఇకపై చైనా తరఫున పోటీ చేస్తానని ఆమె ప్రకటించినప్పుడు మొదలైన గొడవ ఇది. నన్నడిగితే ఈ ప్రశ్న వెయ్యాల్సింది ఆమెకు కాదు, ఆమె కోసం కీచులాడుకుంటున్న వాళ్లకు. ఆ పిల్ల ఏ పదిహేనో స్థానంలోనో ఆగిపోయి ఉంటే మీలో ఎవరైనా ఆమె పాస్‌పోర్టు గురించి ఆరా తీసేవారా?

కథ తెలిసిందే. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది, తల్లీ అమ్మమ్మా పెంచారు. స్కీయింగ్ లేక్ తాహో కొండల్లో నేర్చుకుంది, వేసవి సెలవులకు తల్లి ఊరు బీజింగ్ వెళ్లేది. స్టాన్‌ఫర్డ్ చదువు, మోడలింగ్ తర్వాత వచ్చాయి. ఫోర్బ్స్ లెక్క ప్రకారం 2024లో ఆమె సంపాదన దాదాపు 2.2 కోట్ల డాలర్లు. అందులో మంచు మీద గెలిచిన బహుమతి సొమ్ము లక్ష డాలర్లు కూడా లేదు, మిగతాదంతా బ్రాండ్లు ఇచ్చిందే.

ఈ డబ్బు లెక్కల్లో పడి అసలు ఆటను మర్చిపోతున్నాం. 2022 ఫిబ్రవరి 8, శీతాకాల ఒలింపిక్స్, బీజింగ్‌లో షోగాంగ్ పాత ఉక్కు ఫ్యాక్టరీ ఆవరణ, ఎత్తైన ర్యాంప్ మీంచి గాల్లోకి గెంతి విన్యాసాలు చేసే బిగ్ ఎయిర్ ఫైనల్. మూడు గెంతుల్లో మంచివి రెండు లెక్కలోకి వస్తాయి. ఫ్రాన్స్ అమ్మాయి టెస్ లెడ్యూ అప్పటికే 1620 డిగ్రీలు, అంటే గాల్లో నాలుగున్నర చుట్లు తిరిగి చూపించేసింది. చివరి గెంతుకు ముందు గూ తల్లికి ఫోన్ చేస్తే, 1440 (నాలుగు చుట్లు) చెయ్యి, రజతం ఖాయమవుతుంది అని ఆవిడ సలహా ఇచ్చింది. కూతురు వినలేదు. అంతకుముందు ఎప్పుడూ దిగని 1620కే సిద్ధపడింది, దిగింది. 94.50 మార్కులు. మొత్తం మీద గూకు 188.25, లెడ్యూకు 187.50, ముప్పావు మార్కు తేడాతో స్వర్ణం. అదే ఒలింపిక్స్‌లో హాఫ్‌పైప్‌లో (U ఆకారపు మంచు కాలువలో చేసే విన్యాసాలు) ఇంకో స్వర్ణం, స్లోప్‌స్టైల్‌లో (అడ్డంకులున్న మంచు వాలు మీద చేసే విన్యాసాలు) రజతం. వయసు పద్దెనిమిది.

ఆ ముప్పావు మార్కు అటు పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోనక్కర్లేదు. సరిగ్గా రెండు రోజుల ముందు అదే బీజింగ్‌లో జరిగింది. జూ యీ కూడా అమెరికాలో, లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన పిల్లే. ఫిగర్ స్కేటింగ్ కోసం అమెరికా పౌరసత్వం వదులుకుని మరీ చైనా జెర్సీ వేసుకుంది. టీమ్ ఈవెంట్‌లో జారి పడింది. పడిందన్న హ్యాష్‌ట్యాగ్‌ను చైనా సోషల్ మీడియా వీబోలో కొన్ని గంటల్లోనే 20 కోట్ల సార్లు చూశారు. సిగ్గుచేటు అన్నారు, చైనీస్ సరిగ్గా రాదని వెక్కిరించారు, తండ్రి పేరున్న శాస్త్రవేత్త కాబట్టే చోటు దొరికిందని తేల్చేశారు. మర్నాడు మళ్లీ తడబడి, మంచు మీదే ఏడ్చింది. పౌరసత్వం వదులుకున్న పిల్ల పరాయిదైంది. పౌరసత్వం సంగతి అడిగితే సూటిగా చెప్పని గూ జాతి గర్వకారణమైంది. దేశభక్తి కొలబద్ద నిజంగా ఉండి ఉంటే ఇది తలకిందులుగా జరగాలి కదా?

గూను తప్పుపట్టేవాళ్ల వాదనలో పస లేకపోలేదు. అమెరికా కొండలు, అమెరికా కోచ్‌లు, అమెరికా స్వేచ్ఛ వాడుకుని చైనా మార్కెట్‌కు వెళ్లింది, అక్కడి ప్రభుత్వం గురించి ఇబ్బందికరమైన ప్రశ్న వస్తే మాట దాటేస్తుంది అంటారు. దాటేస్తుంది, నిజమే. కానీ అదే చైనా మార్కెట్‌లో ఫోన్లు, కార్లు అమ్ముకుంటున్న అమెరికన్ కంపెనీల అధిపతులను ఈ స్థాయిలో నిలదీయరేం? పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికే అందరికీ దేశం గుర్తొస్తుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2014లో తెలంగాణ ప్రభుత్వం సానియా మీర్జాను బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటిస్తే, ఒక బీజేపీ నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలన్నారు. ముంబైలో పుట్టిందని కూడా తప్పుపట్టారు. హైదరాబాద్‌లో పెరిగి, మొదటి నుంచీ భారత్‌కే ఆడిన మనిషిని! రెండు నెలలు తిరక్కుండానే ఆమె యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. అభినందనలు వెల్లువెత్తాయి, కోడలు మళ్లీ కూతురైంది.

పీవీ సింధు విషయంలో జెండా గొడవ కూడా లేదు. 2016లో రియోలో రజతం తేగానే తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించి, మా అమ్మాయంటే మా అమ్మాయని పోటీ పడ్డాయి. అదే సమయంలో రెండు రాష్ట్రాల జనం గూగుల్‌లో ఆమె కులం ఏమిటని తెగ వెతికారు. దేశం దాటి, రాష్ట్రం దాటి, ఆఖరికి పతకం ఏ కులం ఖాతాలో పడుతుందన్న దగ్గరకు దిగాం. సింధు గ్రూప్ దశలోనే ఓడి విమానమెక్కి ఉంటే ఆ సందేహం ఒక్కరికీ వచ్చేది కాదు.