రెండు రోజుల్లో మెదడు, మధ్యాహ్న భోజనంతో సహా

బెంగళూరు మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీ చదువుతున్న పిల్లలను తలుచుకుంటే జాలేస్తుంది. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో కట్టిన ఫ్లెక్సీ వాళ్ల కంట పడలేదు. పడి ఉంటే ఈపాటికి హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేసేవాళ్లు. "క్లినికల్ న్యూరోసైకాలజీలో పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్. శని, ఆదివారాలు మాత్రమే. ఏ డిగ్రీ అయినా చాలు. ఫీజు రూ.3,500. టెస్ట్ కిట్, భోజనం ఉచితం." అంటే మెదడుకు దెబ్బ తగిలినా, జబ్బు చేసినా మనిషి జ్ఞాపకం, ఆలోచన, నడవడి ఎలా మారాయో పరీక్షించి చెప్పే విద్య. ఫ్లెక్సీ కింద మెదడు బొమ్మ. ఆ మెదడుకు కళ్లజోడు.

ఇంత సులువైన దారి ఉండగా లోకం ఇన్నాళ్లూ చుట్టుదారిలో పోయింది. ముందు సైకాలజీలో ఎమ్మేనో ఎమ్మెస్సీనో చెయ్యాలట. అందులో కనీసం 55 శాతం మార్కులు రావాలట. ఆపైన ప్రవేశ పరీక్ష రాసి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ గుర్తించిన చోట రెండేళ్లు పూర్తికాలం ఎంఫిల్ చెయ్యాలట. ఆ రెండేళ్లూ వార్డుల్లో తిరగాలి, రిపోర్టు రాయాలి, అది సూపర్‌వైజర్ చేతిలో ఎర్ర గీతలతో తిరిగొస్తే మళ్లీ రాయాలి. అప్పుడు కౌన్సిల్ రిజిస్టర్లో పేరు ఎక్కుతుంది. అప్పటికి అయ్యేది క్లినికల్ సైకాలజిస్టే. న్యూరో వైపు పోవాలంటే పక్షవాతం, మూర్ఛ, తల గాయాలు, మతిమరుపు జబ్బుల రోగుల మధ్య పెద్దవాళ్ల చేతికింద ఇంకొన్నేళ్లు పని చెయ్యాలి. అమెరికా వాళ్లయితే 1997లో హ్యూస్టన్‌లో సమావేశం పెట్టుకుని మరీ, డాక్టరేట్ అయ్యాక ఇంకో రెండేళ్లు రెసిడెన్సీ చెయ్యాలని తీర్మానించుకున్నారు. బ్రిటన్లోనూ అంతే, క్లినికల్ డాక్టరేట్ మీద మళ్లీ వేరే అర్హత. పాపం, వాళ్లకి ఇలాంటి ఫ్లెక్సీలు లేవు.

మనకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. కౌన్సిల్ జాబితాలో క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నాడు, రీహాబిలిటేషన్ సైకాలజిస్ట్ ఉన్నాడు, న్యూరోసైకాలజిస్ట్ అని విడిగా ఎవరూ లేరు. అంటే ఖాళీ స్థలం. ఖాళీ స్థలం కనిపిస్తే తిరుపతిలో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పైగా యూజీసీ 2022లో ఎంఫిల్‌నే ఎత్తేసింది. తర్వాత నాలిక కరుచుకుని, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఫ్లెక్సీ వారికి ఇలాంటి ఊగిసలాటలేమీ లేవు. వాళ్ల బ్యాచ్ నెలనెలా మొదలవుతుంది.

ఇంతటి విజ్ఞానం ఊళ్లోకి వస్తే ఊరుకుంటామా, డబ్బు కట్టి వెళ్లాను. హాలు అంటే రేకుల షెడ్డుకి ఏసీ బిగించారు. స్టేజీ మీద ప్లాస్టిక్ మెదడు, విడదీసి మళ్లీ అమర్చే రకం. దాన్ని విప్పి ఒక్కో ముక్కా చేత్తో ఎత్తి చూపించారు ట్రైనర్ గారు. ముందు భాగం తెలివి, వెనక భాగం చూపు, పక్క భాగం జ్ఞాపకం. మళ్లీ అమర్చేటప్పుడు ఒక ముక్క తక్కువైంది. కుర్చీల కింద వెతికారు. దొరకలేదు. "పర్లేదు, అది లేకపోయినా పని చేస్తుంది" అన్నారు సార్. రెండు రోజుల్లో ఆయన నోటివెంట వచ్చిన వాటిలో నేను అనుభవంతో ఒప్పుకోగలిగిన మాట అదొక్కటే.

అసలు ఘట్టం భోజనాలయ్యాక. ప్రాక్టికల్‌కి రోగి కావాలి, రోగి లేడు. భోజనం వండిన చంద్రగిరి వంటమ్మని పిలిచి స్టేజీ మీద కూర్చోబెట్టారు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చిందామె. కిట్‌లోంచి ఎంఎంఎస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) జిరాక్స్ కాగితం తీశారు. 1975లో అమెరికాలో తయారైన పరీక్ష అది, ముప్పై మార్కులు, పది నిమిషాల్లో అయిపోతుంది. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉందేమో పైపైన చూడడానికి మాత్రమే. ఆ 'మాత్రమే' జిరాక్స్‌లో పడలేదనుకుంటా.

"అమ్మా, ఇప్పుడు ఏ సీజన్?"

"దర్శనానికి రద్దీ తగ్గిన సీజను సార్. రూములు దొరకతా ఉండాయి."

తప్పు. సున్నా.

"మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం?"

"రేకుల షెడ్డుకి అంతస్తేంది సార్?"

సున్నా.

మూడు మాటలు గుర్తుపెట్టుకోమన్నారు: ఆపిల్, టేబుల్, పెన్నీ. "పెన్నీ ఎవురి పాప సార్?" అని అడిగింది. తర్వాత వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. "తొంభై మూడు. ఆ ఏడు ఎవురికిచ్చినారు సార్?" అని ఆగిపోయింది. లెక్క ఎటు పోయిందో తేలకుండా ముందుకి కదిలే మనిషి కాదు. అయితే డబ్ల్యూ ఓ ఆర్ ఎల్ డీ వెనక నుంచి చెప్పమన్నారు. ఆమె సార్ మొహం చూసింది, మా మొహాలు చూసింది, పొయ్యి మీద సాంబారుందని చెప్పి లేవబోయింది. ఆపి, "నో ఇఫ్స్, ఆండ్స్, ఆర్ బట్స్" అనమన్నారు. నిజంగానే అది పరీక్షలో ఉంది, నేను కల్పించలేదు. ఆమె రెండు చేతులూ జోడించింది.

అంతటితో వదలరు కదా. బోస్టన్ బొమ్మల పరీక్ష తీశారు, అరవై బొమ్మలు. ఆస్పరాగస్ బొమ్మ చూపిస్తే ఏదో కాడ అంది. ప్రెట్‌జెల్ చూపిస్తే జంతికలు సరిగ్గా చుట్టలేదంది. మార్కులు కూడి, మైకులో గంభీరంగా ప్రకటించారు: డిమెన్షియా అనుమానం ఉంది, జాగ్రత్తగా చూసుకోవాలి. చప్పట్లు కొట్టాం. ఆ పొద్దున నూట ఇరవై మందికి ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎన్ని ఆకులు అన్నది కాగితం లేకుండా లెక్క కట్టి, మిగలకుండా, చాలకుండా పోకుండా వండిన మనిషి ఆమె.

తెలుగువాళ్లని తెలుగులో పరీక్షించే సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఐదు భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షల టూల్‌బాక్స్ చేయించింది, అందులో తెలుగుంది. నిమ్హాన్స్ 2004లో తెచ్చిన పరీక్షల కట్టలో (దాన్ని బ్యాటరీ అంటారు) వయసును బట్టి, ఆడామగా తేడాను బట్టి, చదువును బట్టి ప్రమాణాలు వేరుగా ఉన్నాయి. బడికి పోనివాళ్లకీ విడిగా ఉన్నాయి. వాటిని వాడాలంటే నేర్చుకోవాలి. నేర్చుకోవాలంటే శని, ఆదివారాలు చాలవు. భోజనం బాగుండడం ఒక్కటే సరిపోదు.

ఆదివారం సాయంత్రం రిపోర్టు రాయడం నేర్పారు. నేర్పడం అంటే వాట్సాప్‌లో ఒక ఫైలు పంపారు. పేరు, వయసు మారిస్తే చాలు. శాలువా, ఫోటో, సర్టిఫికెట్. ఏలూరు నుంచో ఎక్కడి నుంచో వచ్చిన ఒకాయన అక్కడే విజిటింగ్ కార్డుకి ఆర్డరిచ్చేశాడు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం, సరే. మా వీధికి పాలు పోసే అమ్మ కొడుకు గురించి చెప్తాను, నవ్వొస్తే నవ్వండి.

ఇంటర్ దాకా చదివాడు. రేణిగుంట రోడ్డులో బైకు మీంచి పడ్డాడు, హెల్మెట్ లేదు. రెండు రోజులు స్పృహ లేదు. స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు, ఇంటికి పంపారు. అంతకుముందు ఏ ఇంటికి ఎన్ని లీటర్లు, ఎవరు ఎంత బాకీ అన్నది పుస్తకం చూడకుండా చెప్పేవాడు. ఇప్పుడు పాలు పిండడానికి కూర్చుంటాడు, మధ్యలో లేచి చెంబు అక్కడే వదిలేసి వీధిలోకి పోతాడు. ఒకే ఇంటికి రెండుసార్లు పోస్తాడు. గట్టిగా అంటే క్యాను విసిరేస్తాడు. "మునుపటి మాదిరి లేడు సార్" అంటుంది వాళ్లమ్మ. ఎవరో చెప్తే ఊళ్లో బోర్డు కట్టిన ఒక న్యూరోసైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది. అదే పది నిమిషాల కాగితం. ముప్పైకి ఇరవై ఎనిమిది. రిపోర్టు: మెదడు సంపూర్ణ ఆరోగ్యం, సోమరితనం ఉంది, ధ్యానం చేయించండి.

ఇరవై ఎనిమిది రాక ఏమవుతుంది? వాడికి తారీఖు తెలుసు, ఊరు తెలుసు, వందలోంచి ఏడు తియ్యడం తెలుసు. దెబ్బ తగిలింది అక్కడ కాదు. పని మొదలుపెట్టి, మధ్యలో చెదరకుండా, వరస తప్పకుండా చివరిదాకా తీసుకుపోయే చోట తగిలింది, కోపాన్ని ఆపుకునే చోట తగిలింది. దాన్ని ఈ కాగితం పట్టుకోలేదు. మామూలు స్కాన్‌కి కూడా చాలాసార్లు దొరకదు. దాన్ని పట్టుకోవడానికే ఈ విద్య పుట్టింది! గంటల తరబడి కూర్చోబెట్టి చూడాలి. అలిసిపోతే ఆపి, మర్నాడు మళ్లీ చూడాలి. వాళ్లమ్మని విడిగా కూర్చోబెట్టి మునుపు ఎలా ఉండేవాడో అడగాలి. ఆమె చెప్పిన ఆ చెంబు సంగతే సగం పరీక్ష. అడిగితే కదా. ఆ చెంబు మాటకి చెవి నిలబడాలంటే అలాంటి రోగుల్ని వందల మందిని ఒకరి చేతికింద చూసి, తప్పు రాసి, తిట్లు తిని ఉండాలి.

ఆ కాగితం ఇంటికొచ్చిన రోజు నుంచి వాణ్ని నాన్న కొడుతున్నాడు. ఇంతకుముందు దెబ్బ తగిలిన బిడ్డ, ఇప్పుడు సోమరి వెధవ. సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఫీజు తీసుకుని మరీ ఒక జబ్బుమనిషిని దోషిని చేశారు. సిగ్గుండాలి.

ఇందులో సర్కారు వాటా కూడా ఉంది. ఇక్కడ ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ చదివిన పిల్ల ఈ పనిలోకి పోతానంటే, ఊరు దాటి పోవాలి, కొన్ని సీట్ల కోసం దేశమంతటితో పోటీ పడాలి. పడి, చదివి, తిరిగొచ్చినా ఆమె బోర్డు పక్కనే రెండు రోజుల వాడి బోర్డు ఉంటుంది, ఆమెదానికన్నా పెద్దగా, లైట్లతో. జనం దేనికి పోతారు?

చట్టం లేదా అంటారేమో. ఉంది. 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం, రిజిస్టర్లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జైలు మాట అలా ఉంచండి. జరిమానా వెయ్యి రూపాయలకి మించదు. మావాళ్ల ఒక్క సీటు ఫీజులో అది పోగా ఇంకా రెండున్నర వేలు మిగులుతుంది. కట్టేసి, ఆ రసీదుకి కూడా ఫ్రేమ్ వేయించి సర్టిఫికెట్ పక్కన తగిలిస్తారు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం వాళ్ల దగ్గర అదొక్కటే అవుతుంది మరి.