సంతకం ముందు నాలుగు ప్రశ్నలు అడిగితే తప్పా?

మొన్న దీపావళి సంబరాల్లో మనవాళ్లు వేసిన నాటిక మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఇండియా నుంచి గ్రీన్‌కార్డు మీద అమెరికా రావాల్సిన మేనమామ, ఇక్కడే పుట్టి పెరిగిన మేనల్లుడు. మామ వీడియో కాల్‌లో "నా స్పాన్సర్ ఫారం మీద ఒక్క సంతకం పెట్టు నాన్నా" అంటాడు. అల్లుడు బ్రీఫ్‌కేసు తెరిచి, కళ్లజోడు సర్దుకుని, "మీ షుగర్ ఎంత? మీ బ్యాంకు బ్యాలెన్స్ ఎంత?" అని మొదలుపెడతాడు. హాలంతా నవ్వులు. మొదట్లో నేనూ నవ్వాను. రాసినాయన చెయ్యి తిరిగినవాడు, అల్లుడి వేషం కట్టిన కుర్రాడు యాసతో చంపేశాడు. చివర్లో మామ మనవైపు తిరిగి "మా రక్తంలో లేని బుద్ధి ఈ దేశం నీళ్లలో ఉందండీ" అనగానే చప్పట్లు ఆగలేదు. నా పక్క కుర్చీలో మా అబ్బాయి ఉన్నాడు. ఆ కథ ఎవరింటిదో హాల్లో సగం మందికి తెలుసు. మా ఇంట్లో మాట్లాడుకున్న మాట మన వాట్సాప్ గ్రూపులోకి ఎలా పాకిందో నాకూ తెలుసు కానీ దాని జోలికి ఇప్పుడు పోను.

కథ ఎలాగూ స్టేజి ఎక్కింది కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను.

మా తమ్ముడికి 2006లో ఐ-130, అంటే చుట్టాన్ని రప్పించుకునే పిటిషన్, వేశాను. ఎఫ్-4, అంటే సిటిజన్ల తోబుట్టువుల క్యూ, ఎంత పొడవో ఈ పత్రిక చదివేవాళ్లకి వివరించక్కర్లేదు. ఎప్పుడు వేసినవాళ్ల వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్లలో, 2025లో కూడా ఇండియా గడిలో 2006 తేదీలే నడిచాయి. అప్పుడు పలకా బలపం పట్టుకున్న మా పెద్ద మేనకోడలికి ఇప్పుడు వయసు దాటిపోయింది, క్యూలో ఉండగా వయసు దాటే పిల్లల కోసం ఉన్న సీఎస్‌పీఏ చట్టం లెక్క వేసినా అందలేదు. ఆ పిల్ల అక్కడే ఉండిపోతుంది. తమ్ముడు, మరదలు, చిన్నవాడు, ఈ ముగ్గురికే దారి. ఎన్‌వీసీ (నేషనల్ వీసా సెంటర్) నుంచి కబురొచ్చింది, ఫీజులు కట్టాం, వచ్చేవాళ్ల పోషణకి నాదీ పూచీ అని స్పాన్సర్ సంతకం పెట్టే ఐ-864 ఫారం దగ్గరికి వచ్చి ఆగాం.

పిటిషన్ వేసిన నాడు మేమిద్దరం ఉద్యోగాల్లో ఉన్నాం. ఇప్పుడు మా వారు రిటైరయ్యారు, నేను స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో సగం పూట పనిచేస్తున్నాను. మేమిద్దరం, వచ్చే ముగ్గురు, వెరసి అయిదుగురి కుటుంబం. ఇక్కడి ప్రభుత్వం 2025కి ప్రకటించిన పేదరిక రేఖకి 125 శాతం, అంటే 47,062 డాలర్ల ఏడాది ఆదాయం చూపించాల్సి వచ్చింది. మా సోషల్ సెక్యూరిటీ, నా జీతం కలిపినా అందలేదు. తక్కువైన ఆదాయానికి బదులు ఆస్తి చూపవచ్చు. అయితే అన్నదమ్ముల కేసులో లోటుకి అయిదు రెట్లు ఉండాలి, అదీ అప్పులు పోగా, ఏడాదిలోపు నగదు చేసుకోగలిగిందై ఉండాలి. మా ఇల్లు ఉంది. చూపించడమంటే తాకట్టు పెట్టడం కాదని ఎంత చెప్పినా మా వారు వినలేదు. "తల దాచుకునే ఇంటిని ఫారంలో ఎక్కించను" అన్నారు. ఆ వయసులో ఆయనతో వాదించబుద్ధి కాలేదు.

వచ్చేవాళ్ల ఆస్తి కూడా లెక్కలోకి వస్తుందని ఎవరో చెప్తే మా తమ్ముడు ఉత్సాహంగా తన ప్లాటు తాలూకు ఈసీ, సబ్‌రిజిస్ట్రార్ మార్కెట్ విలువ పత్రం, సీఏ సర్టిఫికెట్ అన్నీ స్కాన్ చేసి పంపాడు. ప్లాటు రాజధాని ప్రాంతంలో ఉంది. అది ఏడాదిలోపు ఫలానా రేటుకి అమ్ముడుపోతుందని కాన్సులేట్ అధికారికి చెప్పేంత ధైర్యం, ప్రభుత్వాలు మారినప్పుడల్లా అక్కడ ధరలు చూసిన ఏ తెలుగువాడికి ఉంటుంది?

ఇక మిగిలింది జాయింట్ స్పాన్సర్, అంటే పిటిషనర్‌తో పాటు పూచీ పడే ఇంకో మనిషి. చాలామంది అనుకునేట్టు జాయింట్ స్పాన్సర్ దొరికితే పిటిషనర్ చేతులు దులుపుకోవడానికి లేదు, ఆదాయం చాలకపోయినా పిటిషనర్ తన ఐ-864 తను ఇవ్వాల్సిందే. ఆ పక్కన నిలబడేవాడు సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ అయి, పద్దెనిమిదేళ్లు నిండి, ఇక్కడే కాపురం ఉంటూ, పిటిషనర్ ఆదాయం కలుపుకోకుండా తనంతట తనే 125 శాతం అందుకోవాలి. చుట్టం కానక్కర్లేదు. హెచ్-1బి మీద ఉన్నవాడు ఎంత సంపాదించినా పనికిరాడు. పెళ్లికాని మా అబ్బాయికైతే తనూ, ఆ ముగ్గురూ కలిపి నలుగురు, 2025 లెక్కలో 40,187 డాలర్లు. వాడి జీతానికి అదో లెక్క కాదు.

"మామయ్యకి సంతకం పెట్టాలిరా" అన్నాను. "పంపమ్మా" అన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "అమ్మా, నేను ఇన్‌స్ట్రక్షన్స్ మొత్తం చదివాను. నువ్వు చదివావా? ఆదివారం మామయ్యతో నేను మాట్లాడాలి."

ఆ ఆదివారం కాల్‌లో వాడు అడిగినవి ఇవి. మామయ్యా, నీకు అప్పులేమైనా ఉన్నాయా? వచ్చాక ఉద్యోగం దొరికేదాకా హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? అత్త కూడా పనిచేస్తుందా? అయిదేళ్లయ్యాక సిటిజన్‌షిప్ తీసుకుంటావా? మా వారి మొహం కందగడ్డ అయింది. నేను టీ పెట్టే మిషతో లేచి వెళ్లాను. మేనమామని మేనల్లుడు ఇలా అడగడం మా ఇంటా వంటా లేదు. తెర మీద మా మరదలు తల పక్కకి తిప్పుకుంది.

మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పగలబడి నవ్వాడు. వాడు ముప్పై ఏళ్లుగా చిట్‌ఫండ్ కంపెనీలో పనిచేస్తున్నాడు, ఇప్పుడు బ్రాంచి మేనేజరు. "ఒరే అల్లుడూ, ష్యూరిటీకి వచ్చినవాణ్ణి నేను రోజూ అడిగేవి ఇవే కదరా! జీతం సర్టిఫికెట్ ఏది, ఇంకెన్ని చిట్లకి సంతకం పెట్టావు, చేతికి ఎంతొస్తుంది? నువ్వు నాకంటే మెత్తగా అడిగావు" అన్నాడు. అప్పటికప్పుడు తన అప్పులు చెప్పాడు. హౌసింగ్ లోన్ బకాయి ఉన్న సంగతి నాకే కొత్త. మరదలు తను ప్లేస్కూల్లో పనికి సిద్ధమేనని చెప్పింది. మా అబ్బాయి ఫారం నింపి, ఐఆర్ఎస్ ట్రాన్‌స్క్రిప్ట్, పే స్టబ్బులు జతచేసి సంతకం పెట్టాడు. నాటికలో ఈ భాగం రాలేదు.

ఇంతకీ వాడు ఎందుకు అడిగాడో తెలుసుకోవాలంటే ఆ కాగితం ఎప్పటిదాకా పట్టుకుంటుందో తెలియాలి. వచ్చినవాళ్లు సిటిజన్ అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల పని లెక్క పూర్తయ్యేదాకా, అంటే ఉజ్జాయింపుగా పదేళ్లు. లేదా గ్రీన్‌కార్డు వదిలేసి వెళ్లిపోయేదాకా. లేదా చనిపోయేదాకా. మాటలు మానేస్తే పోదు, విడాకులైనా పోదు. ఇల్లు మారితే ముప్పై రోజుల్లో కొత్త చిరునామా చెప్పే ఐ-865 ఫారం పంపాలి, లేకపోతే జరిమానా. అపార్ట్‌మెంట్ లీజు అయిపోయినప్పుడల్లా ఊరు మార్చే మన పిల్లల్లో ఈ ముక్క తెలిసినవాళ్లు ఎంతమంది?

"మా రోజుల్లో ఎంతమందికి పెట్టాం, ఒక్క ప్రశ్న అడిగామా" అని నాటిక వేసిన రాత్రి భోజనాల దగ్గర ఒక పెద్దాయన అన్నారు. ఆయనంటే నాకు గౌరవం, ఈ ఊళ్లో గుడికి మొదటి ఇటుక పెట్టిన చేయి అది. కానీ ఆయన పెట్టింది ఈ కాగితం మీద కాదు. అప్పట్లో స్పాన్సర్లు పెట్టింది ఐ-134 అనే కాగితం. దాన్ని అడ్డం పెట్టి డబ్బు వసూలు చేయలేరని, అది నైతిక బాధ్యత మాత్రమేనని కోర్టులు తేల్చేశాయి. 1996లో చట్టం మారి, 1997 డిసెంబర్ 19 నుంచి కుటుంబ కేసులకి ఐ-864 వచ్చింది. ఇది కోర్టులో నిలబడే ఒప్పందం. ప్రభుత్వం అడగవచ్చు, వచ్చినవాళ్లే దావా వేయవచ్చు. ఆయన ఉదారత్వాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ కాగితంతో ఈ కాగితాన్ని కొలవొద్దంటున్నాను, అంతే. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు తెచ్చుకున్న మనలో చాలామంది మామూలుగా ఈ ఫారం మొహమే చూసి ఉండరు, అందుకే నోటికొచ్చిన సలహాలు.

ఇక "మా రక్తంలో లేని బుద్ధి" అన్న డైలాగు. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో స్కూలు మాస్టారు. తోటి మాస్టారు ఒకాయన తీసుకున్న కోఆపరేటివ్ సొసైటీ లోనుకి నాన్న ష్యూరిటీ పెట్టారు. ఆ మాస్టారు కట్టలేదు, నాన్న జీతంలోంచి కోత పడింది. నాన్న ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం ఆ మాస్టారి భార్య పేరంటానికి పిలవడానికి వస్తే వంటింట్లోంచి బయటికి రాలేదు, నన్ను పంపింది. ఆ కోత తీరీ తీరకముందే నాన్న ఇంకొకరికి సంతకం పెట్టారు, అడిగినవాడి మొహం చూసి కాదనలేక. అలాంటి మనిషిని నేను తప్పుపట్టలేను. ఇప్పటికీ ఆ మెతకదనమే మా ఇంటి ఆస్తి అనుకుంటాను. అయితే అదే వీధిలో ష్యూరిటీ కోసం ఎవరో వస్తున్నారని తెలిస్తే పెరటిగుమ్మంలోంచి జారుకున్న పెద్దమనుషులూ ఉన్నారు. జీతం స్లిప్పు ఒకటికి రెండుసార్లు చూసి గానీ పెన్ను తీయనివాళ్లూ ఉన్నారు. ఏ బుద్ధి మన రక్తంలో లేదు? అన్నీ ఉన్నాయి. ఇక్కడికొచ్చాక నచ్చినవి మాత్రమే గుర్తుపెట్టుకుని, పిల్లల ముందు వల్లెవేస్తున్నాం.

నాటికలో నిజం అసలే లేదని అనను. లాయర్ని అడుగుతాను అని చెప్పి నెలలు నెలలు మాట తప్పించే పిల్లలు ఉన్నారు, పెద్దలు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. అది అడగడం కాదు, కాదనడానికి నోరు రాకపోవడం. ఎన్‌వీసీకి ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేకపోతే ఇరవై ఏళ్ల నిరీక్షణ ఉన్న కేసు కూడా రద్దయ్యే ప్రమాదం ఉంది. మొహమాటానికి "చూద్దాంలే" అనేవాళ్లకంటే మొదటి రోజే "నా వల్ల కాదు" అన్నవాడు వెయ్యి రెట్లు నయం, అవతలివాడు ఇంకొకరిని అడుక్కుంటాడు. అడిగేవాళ్లలోనూ లోపం ఉంది. సంతకం కావాలి గానీ తమ లెక్కలు మాత్రం చెప్పరు. బిజినెస్‌వాళ్ల సంగతి మరీ విడ్డూరం. పొట్లక్‌ విందుల్లో టర్నోవర్ మిలియన్లలో చెప్పి, ట్యాక్స్ తగ్గించుకోవడానికి ఖర్చులన్నీ రాసేసి, తీరా స్పాన్సర్‌గా నిలబడే రోజున 1040 ట్యాక్స్ రిటర్నులో టోటల్ ఇన్‌కమ్ లైను చూసి తెల్లబోతారు. ఫారం చూసేది ఆ లైనునే.

అదే పొట్లక్‌లలో ఇంకో మాట వినిపిస్తుంది, "అమ్మానాన్నలకి అయిదేళ్లు దాటితే మెడికెయిడ్ వచ్చేస్తుందిలే" అని. మెడికెయిడ్ అంటే ఆదాయం తక్కువవాళ్లకి ప్రభుత్వమిచ్చే వైద్య సాయం. ఐ-864 కింద వచ్చినవాళ్లు అలాంటి సాయానికి దరఖాస్తు పెడితే స్పాన్సర్ ఆదాయాన్ని కూడా వాళ్లదిగానే లెక్కగడతారు. 65 దాటి, అయిదేళ్లు వరసగా ఇక్కడ ఉన్నాక డబ్బు కట్టి మెడికేర్ అనే పెద్దవాళ్ల వైద్య బీమా కొనుక్కోవచ్చు, అది వేరే సంగతి. ఈ రెంటినీ కలిపేసి పెద్దవాళ్లని రప్పించినవాళ్లు ఎమర్జెన్సీ రూం బిల్లుతో మేలుకుంటున్నారు.

నన్ను వీటన్నిటికంటే ఎక్కువగా కలచేది ఆడపిల్లల విషయం. పెళ్లిచేసుకుని ఐ-864 మీద రప్పించుకుని, పొసగక బయటికి పంపేసిన కేసులు మన ఊళ్లోనూ ఉన్నాయి, మీకు తెలుసు. ఆ సంతకం ఆ అమ్మాయికి కూడా హక్కు. పేదరిక రేఖకి 125 శాతం మేర పోషణ అడిగే హక్కు విడాకుల తర్వాతా ఉంటుంది. పెళ్లికి ముందు రాయించుకున్న ఒప్పందం దాన్ని తుడిచేయదని 2016లో నైన్త్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు అర్లర్ కేసులో చెప్పింది. ఉద్యోగం వెతుక్కోలేదన్న సాకుతో స్పాన్సర్ తప్పించుకోలేడని అంతకుముందే 2012లో సెవెంత్ సర్క్యూట్ కోర్టు లూ కేసులో చెప్పింది. కొడుకు జీతం చాలక జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టిన మామగారికీ ఇది వర్తిస్తుంది. మన మహిళా విభాగం పట్టుచీరల పోటీకి ఇచ్చే టైంలో సగం దీనికి ఇస్తే ఎంత బావుణ్ణు.

కమిటీవారికి నా విన్నపం. ఏటా పేదరిక రేఖ కొత్త అంకెలు వచ్చాక, ట్యాక్స్ రిటర్నులు అందరి చేతుల్లో ఉండే ఆ నెలల్లో ఒక శనివారం గుడి కింద హాలు ఇప్పించండి. అడిగేవాళ్లు, పెట్టేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఇద్దరి కాగితాలూ బల్ల మీద ఉండాలి. ఒకరినొకరు ఏం అడగాలో అడగనివ్వండి, చుట్టూ చేరి నవ్వకండి. సగం ఏడాది హైదరాబాదులో గడిపే రిటైరైన స్పాన్సర్లు కూడా రావాలి, "ఇక్కడే కాపురం" అని ఎలా చూపిస్తారో వాళ్లకి తెలియాలి. పిటిషనర్ చనిపోతే బదులు సంతకం పెట్టే వీలున్న చుట్టాల జాబితాలో బావ, వదిన, అత్తగారు, మామగారు ఉన్నారు గానీ బాబాయి, మేనమామ లేరు. ఏళ్ల తరబడి క్యూలో ఉన్న ప్రతి ఇంటికీ ఆ సంగతి ముందే తెలియాలి.

ఫారాలు నేను నింపిపెట్టను, సలహాలూ చెప్పను, అది లాయర్ల పని. ఊళ్లో ఇమిగ్రేషన్ లాయర్లు ఇద్దరు ముగ్గురున్నారు, ఒక పూట రమ్మంటే కాదనరని నా నమ్మకం. అంకెల పట్టిక చదివి ఎవరి కుటుంబం ఎన్ని తలలో లెక్కపెట్టడానికి మాత్రం నేను వస్తాను, మా అబ్బాయీ వస్తానన్నాడు. తేదీ చెప్పండి.