ఈ పొగ మంచి వంశంలో పుట్టింది

గోదావరి డెల్టా ప్రజలకు కర్బన శాస్త్రం మీద బొత్తిగా అవగాహన లేదని చెప్పడానికి విచారిస్తున్నాను. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు (గాలిలోకి వదిలేది ఎంతో, తిరిగి పీల్చుకునేదీ అంతే) సాధిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశం మాట ఇచ్చి వచ్చాక కూడా మనవాళ్ళు పొగ కనబడితే చాలు, దాని వంశమేమిటో విచారించకుండా దగ్గేస్తున్నారు.

విషయం తేలికే. బొగ్గు కాలిస్తే కోట్ల ఏళ్ళుగా భూమిలో దాగిన కర్బనం బయటపడుతుంది కనుక అది దోషం. వరిగడ్డి, ఊక, కొబ్బరి మట్టలు కాలిస్తే వచ్చేది మొన్న పైరు పీల్చుకున్నదే, రేపటి పైరు మళ్ళీ పీల్చుకోబోయేదే కనుక లెక్కలో సున్నా. దాళ్వా (రెండో పంట వరి) కోత మిషను వెళ్ళిపోయాక చెల్లాచెదురుగా పడిన గడ్డిని ఏరించే కూలి గిట్టుబాటుకాక రైతు అగ్గిపుల్ల గీస్తే, ఆ మంటలోని కార్బన్ డయాక్సైడును అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం దేశపు ఉద్గారాల పట్టికలో కలపరు. మీథేను, నైట్రస్ ఆక్సైడు మాత్రం రాసుకుంటారు. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని నుసికి ఆ పట్టికలో గడే లేదు. గడి లేనిది లోకంలోనూ లేదన్నది కార్యాలయాల్లో అనాదిగా చెల్లుబాటవుతున్న ధర్మం.

ఈ ధర్మాన్ని ఉప్పుడు బియ్యం మిల్లు వెనక వీధిలో ఒక ఇల్లాలికి బోధించబోయాను. మిల్లు బాయిలరు ఊకతో నడుస్తుంది. ఆవిడ డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీద నల్లటి నుసి పడింది. ఊదితే లేవదు, తుడిస్తే పులుముకుంటుంది. ఇది పునరుత్పాదక ఇంధనపు సంతానమమ్మా, బొగ్గు మసి కాదు, మీ వడియాలకు శిలాజ కళంకం అంటలేదు అని ఓపికగా వివరిస్తే, ఆవిడ పళ్ళెం నా ముందుకు తోసి "అయితే మీరే తినండి బాబూ" అన్నారు. శాస్త్రానికి పల్లెల్లో దక్కుతున్న మర్యాద ఇది.

వంటింటి సంగతి మరీ ఘోరం. 2016లో పేద ఇళ్ళకు వంటగ్యాసు ఇచ్చే ఉజ్వల పథకం వచ్చాక పిడకల వంటి స్వదేశీ ఇంధనాన్ని వదిలి, చమురు బావుల్లో పుట్టిన గ్యాసు బండను ఇంట్లోకి తెచ్చుకున్నారు. కర్బన శుద్ధి దృష్టితో చూస్తే ఇది పతనమే. కళ్ళమ్మట నీళ్ళు కారడం ఆగిందనీ గోడలు నల్లబడటం లేదనీ దీన్ని సమర్థించుకుంటారు. ఇంకా దారి తప్పనిది ఆత్రేయపురమే: బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టుకుని, పొగకు ఎదురుగా కూర్చుని, పిండినీళ్ళలో తడిపిన గుడ్డను కుండ మీద పరచి పూతరేకు తీస్తున్న ఆడవాళ్ళు తమ శ్వాసలో ఎంత సున్నా కర్బనం పీలుస్తున్నారో వారికే తెలియదు. 2023లో ఆ మిఠాయికి భౌగోళిక గుర్తింపు ఇచ్చినవారు పొగను ఎందుకు విస్మరించారో!

ఇందులో యూరపువారు మనకు పెద్దలు. కార్బన్ తక్కువని డీజిలు కార్లను ఏళ్ళ తరబడి నెత్తిన పెట్టుకుని, నగరాల్లో నైట్రోజన్ డయాక్సైడు అనే విషవాయువును పోగేసుకున్నారు. 2015లో వోక్స్‌వ్యాగన్ కార్ల కంపెనీ పొగ పరీక్షల్లో చేసిన మోసం బయటపడకపోతే ఇంకొంతకాలం నెత్తినే ఉండేవి.

కాల్చడమే తగ్గించే విధానాలైతే కర్బనమూ నుసీ రెండూ తగ్గుతాయి కదా, బాయిలరు గొట్టానికి మంచి ఫిల్టరు బిగించవచ్చు కదా, గడ్డి కట్టలు కట్టే యంత్రాన్ని ఊరికొకటి ఇవ్వవచ్చు కదా అని కొందరు వితండవాదులు అడుగుతారు. ఇవన్నీ నిజమే, కాకపోతే డబ్బుతో పని. కాలే దానికి పచ్చరంగు పేరు పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు.

2019 నాటి జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో రాజమహేంద్రవరం, ఏలూరు కూడా ఉన్నాయి. గాలిని కొలిచే యంత్రాలు పీఎం 2.5 అనే అతి సన్నని ధూళిని కులగోత్రాలు అడగకుండా గంపగుత్తగా లెక్కగడతాయి. ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం, 5 చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఈ అవివేకాన్ని తక్షణం సరిదిద్ది, గడ్డి, ఊక, మట్టల వాటాను మొత్తంలోంచి తీసేసి చూపించాలి. కుదరకపోతే దాళ్వా కోతలైనన్నాళ్ళూ యంత్రాలను కట్టేయాలి. ఆసుపత్రి చీటీల్లో ఏ వంశపు పొగ పీల్చారో రాయడానికి ఒక గడి పెట్టించి, పునరుత్పాదక పొగతో ఆయాసపడేవారిని రోగుల లెక్కలోంచి తప్పించాలని కూడా ప్రభుత్వానికి మనవి చేస్తున్నాను.