జంపింగ్ స్టిల్ట్స్ మీద బ్యాక్‌ఫ్లిప్‌కి కావాల్సింది తెగువ కాదు, వరుస

జంపింగ్ స్టిల్ట్స్ (కాళ్లకి కట్టుకుని ఎగిరే స్ప్రింగు కర్రలు) మీద బ్యాక్‌ఫ్లిప్ (గాలిలో వెనక్కి కొట్టే పల్టీ) ఎలా నేర్చుకోవాలని ఎవరైనా అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటుంది: "భయం వదిలెయ్, గట్టిగా ఎగురు, తల వెనక్కి విసురు." ఇందులో మూడు మాటలూ తప్పే. భయం వదిలేయాల్సిన పని లేదు, అది మిమ్మల్ని కాపాడుతుంది. గట్టిగా ఎగరడం కన్నా నిటారుగా ఎగరడం ముఖ్యం. ఇక తల వెనక్కి విసరడమన్నది ఈ విద్యలో ఎక్కువమందిని దెబ్బతీసే అలవాటు. ఇలాంటి సలహా విని, ఎత్తు స్టిల్ట్స్ కట్టుకుని, నేరుగా పచ్చిక మీదకి వెళ్లి పల్టీ కొట్టేవాళ్లని చూస్తుంటే కోపమూ వస్తుంది, బాధా కలుగుతుంది. మెడ విరగడానికి ఒక్క ప్రయత్నం చాలు.

ముందు పరికరం సంగతి. జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బాక్ రూపొందించిన పరికరం ఇది. ఆయన పేరు మీదే ఈ ఆటకి పవర్‌బాకింగ్ అన్న పేరు వచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో కళాకారులు గంతులు వేసింది వీటి మీదే. పాదం పెట్టే పలక, దాన్ని బిగించే పట్టీలు, మోకాలి కింద కాలిని పట్టుకునే కవచం, కాలి వెనక విల్లులా వంగిన ఫైబర్‌గ్లాస్ కమాను, అడుగున చిన్న రబ్బరు గిట్ట. పెద్దవాళ్లవి ఒక్కోటి సుమారు మూడు, నాలుగు కిలోలు తూగుతాయి. కట్టుకుంటే మనిషి 40, 50 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతాడు.

ఆ ఎత్తే జనాన్ని మోసం చేస్తుంది. స్టిల్ట్స్ మీద పల్టీ తేలికన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. నేల మీద ఎగిరినప్పుడు నడుము 40 సెంటీమీటర్లు లేస్తే గాలిలో ఉండేది 0.57 సెకను. కమాను సాయంతో 90 సెంటీమీటర్లు లేస్తే 0.86 సెకను. తలకిందులైనప్పుడు తలకీ నేలకీ మధ్య జాగా కూడా ఎక్కువే ఉంటుంది. కానీ లెక్కలో రెండో సగం ఎవరూ చెప్పరు. రెండు కాళ్ల చివర కలిపి ఆరు నుంచి ఎనిమిది కిలోల బరువు వేలాడుతోంది. తిరిగే ఇరుసు నడుము దగ్గర ఉంటే ఆ బరువు అక్కణ్ణుంచి మీటరు పైచిలుకు దూరంలో ఉంది. బరువు ఇరుసు నుంచి రెట్టింపు దూరం జరిగితే దాన్ని తిప్పడం నాలుగింతలు కష్టం. కాబట్టి స్టిల్ట్స్‌తో ఒళ్లు నెమ్మదిగా తిరుగుతుంది. పైగా మోకాళ్లు పూర్తిగా ముడవలేరు, ఎందుకంటే కమాను, దాని పై కీలు తొడకి అడ్డం వస్తాయి. సమయం పెరిగింది నిజమే, దాంతోపాటు పనీ పెరిగింది. నేల మీద పల్టీ సగం సగం వచ్చినవాడికి స్టిల్ట్స్ మీద మిగతా సగం దానంతటదే కలిసొస్తుందనుకోవడం పూర్తిగా తప్పు.

అందుకే మొదటి షరతు: స్టిల్ట్స్ లేకుండా బ్యాక్‌ఫ్లిప్ రావాలి. ఎప్పుడో ఒకసారి పడిందంటే చాలదు. కోచ్ ఉన్న జిమ్‌లో, ముందు ట్రాంపొలిన్ మీద, తర్వాత జిమ్నాస్టిక్స్ ఫ్లోర్ మీద, వరుసగా పది కొడితే పదీ రెండు పాదాల మీద, దిగిన చోట అడుగు తూలకుండా రావాలి. ఎనిమిదే వస్తే ఇంకా సిద్ధం కానట్టే.

రెండో షరతు స్టిల్ట్స్‌ది. వాటి మీద నిలకడగా నడవాలి, పరుగెత్తాలి, ఆగాలి, పడితే ఎవరి సాయం లేకుండా లేవాలి. రెండు కాళ్లతో ఒకేసారి 20 గంతులు, మీటరు వెడల్పున్న వృత్తం దాటకుండా వేయగలగాలి. చూడటానికి చిన్న పరీక్షే గానీ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గిట్ట నేలని తాకేది చిన్న జాగాలో కాబట్టి స్టిల్ట్స్ మీద కదలకుండా నిలబడటమే కుదరదు, ఎప్పుడూ చిన్న చిన్న అడుగులు పడుతూనే ఉంటాయి. అలాంటప్పుడు ఒకే చోట జంట గంతులు వేయాలంటే రెండు కమాన్లూ ఒకే క్షణంలో వంగి ఒకే క్షణంలో విడవాలి. ఒకటి ముందు విడిస్తే మామూలు గంతులో కాస్త పక్కకి పోతారు. పల్టీలో అయితే గాలిలోనే ఒళ్లు మెలితిరుగుతుంది.

మూడోది పడటం నేర్చుకోవడం. దీన్ని దాటేసి ముందుకెళ్లేవాళ్లే ఎక్కువ. ముందుకి పడితే మోకాలి ప్యాడ్లు మొదట తాకాలి, తర్వాత మణికట్టు గార్డులున్న అరచేతులు ముందుకి జారాలి. చేతులు కర్రల్లా బిగించి నేలని ఆపబోతే మణికట్టో మోచేయో పోతుంది. వెనక్కి పడటం ఇంకా కష్టం, ఎందుకంటే కూర్చునే ఎత్తు అర మీటరు పెరిగింది. గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు వెనక పెట్టకూడదు, కొంచెం పక్కకి ఒరిగి పిరుదు మీద దిగి వీపు మీదకి దొర్లాలి. మందపాటి మ్యాట్ మీద, ముందు స్టిల్ట్స్ లేకుండా, తర్వాత స్టిల్ట్స్‌తో, ఆలోచించకుండానే ఒళ్లు ఆ పని చేసేదాకా సాధన చేయండి.

కమాను ఎంపికలో పొరపాటు చేస్తే పై సాధనంతా వృథా. ప్రతి జతకీ ఇంత నుంచి ఇన్ని కిలోల మనిషికని హద్దు ఉంటుంది. హెల్మెట్, ప్యాడ్లు, బట్టలతో సహా బరువు తూచి చూసుకుని కొనండి. బలమైన కమాను ఎక్కువ ఎగరేస్తుందని పై సైజు తీసుకునేవాళ్లున్నారు. తేలికైన మనిషి దాన్ని వంచలేడు. వంగని కమాను తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. తక్కువ సైజుదైతే దిగేటప్పుడు పూర్తిగా మడతపడి, పొరలు విడిపోయి, ఒకనాటికి విరుగుతుంది. పల్టీ కోసం వంగినప్పుడు విరిగితే ఒక కాలు కింద, ఒళ్లు సగం వెనక్కి. ఎక్కే ముందు ప్రతిసారీ కమాను అంచుల మీద వేలు నడిపించండి (చేతికి గ్లౌజుతో, ఫైబర్‌గ్లాస్ నూగు చర్మంలో దిగుతుంది). తెల్లటి గీతలు, లేచిన పోగులు, చిటపట చప్పుడు, వీటిలో ఏదున్నా ఆ కమాను పల్టీకి పనికిరాదు. కీళ్ల దగ్గర బోల్టులు బిగించి ఉన్నాయా, గిట్ట రబ్బరు ఒకవైపే అరిగిందా చూడండి. లోపల నైలాన్ ఉన్న లాక్ నట్లు పదేపదే విప్పి బిగిస్తే పట్టు పోతుంది, కొత్తవి వేయండి. పట్టీలు బిగించాక కాలు ఊపి చూడండి. మడమ పలక మీంచి లేస్తున్నా, మోకాలి కవచం పక్కకి ఆడుతున్నా మళ్లీ కట్టండి.

ఇప్పుడు మ్యాట్ల గొడవ. మెత్తగా ఉంటే మంచిదేగా అని మందపాటి క్రాష్ మ్యాట్ వేసి దాని మీదకి దూకుతారు. మామూలు పాదానికి అది మంచిదే. స్టిల్ట్స్ గిట్ట మాత్రం అరచేయంత కూడా ఉండదు. ఒంటి బరువంతా ఆ చిన్న జాగాలో పడితే గిట్ట మ్యాట్‌లో కూరుకుపోతుంది. కింద గిట్ట ఇరుక్కుని పైన ఒళ్లు ఇంకా కదులుతుంటే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. అర మీటరు కర్ర కాలికి కట్టి తిప్పినంత పని. కాబట్టి 20 నుంచి 30 సెంటీమీటర్ల మ్యాట్ మీద గట్టి జిమ్ మ్యాట్ ఇంకొకటి పరిచి బరువు విస్తరించేలా చూసుకోండి. స్టిల్ట్స్‌తో ఎక్కి రెండు మూడు చిన్న గంతులు వేసి చూడండి, గిట్ట దిగబడుతుంటే ఆ ఏర్పాటు వద్దు. రెండు మ్యాట్ల మధ్య సందు ఉండకూడదు. ఫోమ్ పిట్‌లోకి (ఫోమ్ ముక్కలు నింపిన గొయ్యి) స్టిల్ట్స్‌తో అసలు దూకొద్దు, ముక్కల మధ్య చిక్కుకున్న కాలు ఎటు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. ట్రాంపొలిన్ మీదా వద్దు. గిట్ట గుడ్డని చీలుస్తుంది, కింద స్ప్రింగూ కాలి కమానూ చెరో తాళంలో కొడతాయి.

నిటారుగా టక్ జంప్ వేయడం స్టిల్ట్స్ మీద మొదటి మెట్టు. గంతు, మోకాళ్లు ఛాతీకి, విప్పడం, దిగడం. ఇది నేర్పే అసలు పాఠం ఓపిక. కమాను వంగి తిరిగి విడవడానికి మామూలు కాలికన్నా ఎక్కువ సేపు పడుతుంది. నేల మీద అలవాటైన తాళంతో మోకాళ్లు ఎత్తేస్తే కమాను ఇంకా విడవకముందే కాలు లాగేసినట్టవుతుంది. ఎత్తు సగం పోతుంది. కమాను పూర్తిగా విడిచి ఒళ్లు నిలువుగా సాగాకే మోకాళ్లు ఎత్తాలి. మోకాలి ముందు నుంచి చేతులతో పట్టుకోవద్దు, కీలుకీ కవచానికీ మధ్య వేళ్లు నలుగుతాయి. ముంజేతులతో తొడల వెనక కౌగిలించుకోండి. మోకాళ్లు భుజాలంత ఎడంగా ఉండాలి, లేకపోతే లోపలివైపు బోల్టులు ఒకదానికొకటి తగిలి చిక్కుకుంటాయి.

తర్వాత హార్నెస్. పైన రెండు కప్పీలు, నడుముకి బెల్టు, తాళ్లు పట్టేది తెలిసిన కోచ్. చెట్టుకొమ్మకి కట్టిన తాడు హార్నెస్ కాదు. పల్టీ తిరిగేటప్పుడు తాడు స్టిల్ట్స్‌కి చుట్టుకోకుండా ముందు నెమ్మదిగా ఎత్తి తిప్పి చూడాలి. ఇక్కడ పల్టీ ఇలా సాగాలి: మూడు సన్నాహపు గంతులు, నాలుగో దానికి చేతులు చెవుల పక్కగా పైకి, చూపు ఎదురుగా. ఒళ్లు పూర్తిగా సాగాక తుంటి ముందుకి, పైకి లేస్తుంది, మోకాళ్లు ఛాతీ వైపు వస్తాయి. తిప్పేది తుంటీ మోకాళ్లే, తల కాదు. తల ముందే వెనక్కి పోతే వెన్ను విల్లులా వంగి, భుజాలు వెనక్కి ఒరిగి, గిట్టలు నేలని ముందుకి తన్నుతాయి. ఫలితంగా పైకి వెళ్లాల్సిన ఒళ్లు వెనక్కి, తక్కువ ఎత్తులో పోతుంది. తడి పచ్చిక మీదైతే గిట్టలు జారి, వీపు మీదో తల మీదో పడతారు.

విప్పే సమయం చూపుతో తెలుస్తుంది. ముప్పావు తిరిగాక నేల కనిపిస్తుంది, అప్పుడు కాళ్లు విప్పండి. ముందుగా విప్పితే తిరగడం నెమ్మదించి చేతుల మీద, మోకాళ్ల మీద పడతారు. ఇది నొప్పి పెట్టినా ప్యాడ్లు కాచుకుంటాయి. ఆలస్యంగా విప్పితే వెనక్కి కూలబడతారు, అది ఎక్కువ ప్రమాదం. అన్నిటికన్నా చెడ్డది తలకిందులుగా ఉన్నప్పుడు భయపడి విప్పేయడం. నేల వదిలాక మనసు మార్చుకోవడం ఉండదు. ఏం జరిగినా నేల కనిపించేదాకా తొడలు కౌగిలించుకునే ఉండాలన్న సంగతి హార్నెస్‌లోనే ఒంటికి పట్టాలి.

దిగాక స్తంభంలా నిలబడబోవద్దు. మోకాళ్లు కాస్త వంగి, రెండు గిట్టలూ ఒకేసారి తాకి, అదే ఊపుతో చిన్న గంతు, తర్వాత అడుగులు. కమాను తీసుకున్న బలాన్ని తిరిగిచ్చి తీరుతుంది, దానికి దారి ఇవ్వండి.

హార్నెస్‌లో తాడు వదులుగా ఉన్నప్పుడే పదికి పది వచ్చాక మ్యాట్ మీద ఇద్దరు స్పాటర్లతో (పక్కన నిలబడి పడకుండా పట్టుకునేవాళ్లు). ఇక్కడ జనం చేసే తప్పు స్పాటర్‌ని వెనక నిలబెట్టడం. తుంటి నుంచి గిట్ట దాకా మీటరుకి పైనే, చివర మూడు, నాలుగు కిలోల బరువు. ముందూ వెనకా ఆ చక్రం తిరిగే దారే. ఇరుసు కుడి ఎడమలుగా నడుము గుండా పోతుంది కాబట్టి స్పాటర్లకి చోటు చెరో పక్క, నడుముకి ఎదురుగా. ఒక చేయి నడుం వెనక, రెండో చేయి తొడ కింద. ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. ఇద్దరూ స్టిల్ట్స్ లేకుండా మామూలు పల్టీలకి ముందే స్పాటింగ్ చేసినవాళ్లై ఉండాలి. లెక్క ఒకరే పెట్టాలి, "ఆపు" అని మాత్రం ఎవరైనా అనొచ్చు, అది వినపడితే ఆ గంతు మామూలు గంతుగానే ముగియాలి.

నేల మీదకి వచ్చేది ఆ తర్వాతే. పొడి, సమతలమైన, గిట్టకి పట్టు దొరికే చోటు, రన్నింగ్ ట్రాక్ రబ్బరు లాంటిది. కంకర, నున్నని టైల్స్, మెత్తటి మట్టి వద్దు. హెల్మెట్, మణికట్టు గార్డులు, మోచేయి, మోకాలి ప్యాడ్లు అన్నీ ఉండాలి. హెల్మెట్ తలకే, మెడకి కాదన్నది గుర్తుంచుకోండి. ఎవరైనా మెడ మీదో తల మీదో పడి నొప్పి, తిమ్మిరి అంటే లేపకండి, హెల్మెట్ లాగకండి, స్టిల్ట్స్ విప్పే హడావిడిలో కాళ్లు కదపకండి. అంబులెన్సుకి ఫోన్ చేసి తల కదలకుండా పట్టుకోండి.

ఒక పూటకి పది, పదిహేను పల్టీలు చాలు, అవీ ఒళ్లు వేడెక్కిన కొత్తలోనే. కమాను మీ అలసటని కప్పేస్తుంది. కాళ్లు అయిపోయినా ఎత్తు వస్తూనే ఉంటుంది, తప్పేది తాళం. రెండు గిట్టల చప్పుడు ఒకటిగా కాక రెండుగా వినిపిస్తే ఆ పూటకి స్టిల్ట్స్ విప్పేయండి.

ఫోన్‌తో వీడియో తీయండి, కానీ పక్క నుంచి, నడుం ఎత్తులో, నాలుగు మీటర్ల దూరంలో, స్లో మోషన్‌లో. ముందు నుంచి తీస్తే అందంగా ఉంటుంది గానీ ఏమీ తెలియదు. దిగడం కాదు, గిట్ట నేల వదిలే ఫ్రేము దగ్గర ఆపి చూడండి. అక్కడ మోకాళ్లు అప్పటికే వంగి ఉన్నా, గడ్డం ఆకాశం వైపు ఉన్నా, ఆ పల్టీ చక్కగా దిగినా సరే, మర్నాడు సాధన టక్ జంప్‌ల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.