చక్కెర తాగి నూనె ఇస్తానంటున్న పొగాకు కణం గారికి

మహారాజశ్రీ పొగాకు కణం గారి సముఖమునకు,

ప్రకాశం జిల్లా టంగుటూరు ప్రాంతంలో పొగాకు పండించే కుటుంబానికి చెందినవాడు నమస్కరించి వ్రాయునది. తమరు మొక్కతోనూ, పొలంతోనూ, వానతోనూ పని లేకుండా గాజు పాత్రలోనే పెరిగి వాహనాలకు కావలసిన నూనెను ఇవ్వగలరనీ, ఇకమీదట ఇంధనం కోసం సెంటు భూమి కూడా అక్కరలేదనీ తమ తరఫువారు చెబుతున్నారు. మా జిల్లా పంటకు తమరు దగ్గరి చుట్టం కనుక ఆ మాటకు గర్వపడ్డాము. ఆ వెంటనే కలిగిన అనుమానాలను ఇతరులతో చెప్పుకోవడం కంటే తమకే విన్నవించుకోవడం మర్యాద అనిపించింది.

తమ వంశ ప్రతిష్ఠ మాకు తెలియనిది కాదు. ఒంటరి మొక్క కణాన్ని పోషక ద్రావణంలో పెంచవచ్చునని హేబర్లాండ్ట్ అనే వృక్షశాస్త్రవేత్త 1902లోనే ఊహించారు. మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1962లో ప్రకటించిన ద్రావణాన్ని, అంటే నేటికీ ప్రపంచమంతటా మొక్కల కణజాలానికి పోస్తున్న ఆ పానకాన్ని, పొగాకు కణజాలం కోసమే తయారు చేశారు. ఇక జపానులో పుట్టిన తమ బ్రైట్ ఎల్లో-2 శాఖ వారం రోజుల్లో ఎనభై నుంచి వంద రెట్లు పెరుగుతుందని విని, నారుమడి నుంచి ఆకు కొట్టే దాకా నెలల తరబడి ఎదురుచూసే మావాళ్లు నోరు వెళ్లబెట్టారు.

అయితే ఆ పెరుగుదల వెనుక జరుగుతున్న మర్యాదలను కూడా కాస్త విచారించాము. సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుడికైనా ఇన్ని జరగవు. గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు దాటకూడదు, పాత్రను రాత్రింబవళ్లు ఊపుతూనే ఉండాలి, విటమిన్లు అందించాలి, లీటరు ద్రావణానికి 30 గ్రాముల చక్కెర కలపాలి. మేము వరి చేలో వెడల్పాటి ఆకుల కలుపును చంపడానికి కొట్టే 2,4-డి మందును తమరు చిటికెలో వెయ్యోవంతు మోతాదులో బలవర్ధకంగా సేవిస్తారట! తమ అభిరుచికి జోహార్లు. బాక్టీరియా ఒక్కటి చొరబడినా తమ భోజనమంతా అదే ముందు ఆరగిస్తుంది కనుక, వడ్డించే ముందు ద్రావణాన్ని ఆవిరి పీడనంలో 121 డిగ్రీల దాకా కాచాలి.

ఇక్కడే మా లెక్క మొదలవుతుంది. చక్కెరను నూనెగా మార్చే దారిలో, నూనెకు ముడిసరుకైన కొవ్వు ఆమ్లాలను కట్టడానికి ముందే, ప్రతి మూడు కర్బన పరమాణువుల్లో ఒకటి బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోతుంది. అందువల్ల తమరు తిన్నదానిలో ఒక్క గ్రామైనా ఒంటికి పట్టించుకోకుండా మొత్తం నూనెగా మార్చినా, చక్కెర బరువులో సుమారు మూడో వంతుకు మించి నూనె రాదు. అంటే లీటరు నూనెకు దాదాపు మూడు కిలోల చక్కెర కావాలి. కిలో నలభై రూపాయలనుకున్నా, ఆ చక్కెర ఖర్చే బంకులో లీటరు డీజిల్ ధరను దాటిపోతుంది. అదే మూడు కిలోలను కల్లు కుండలోని ఈస్టుకు ఇస్తే, ఊపే యంత్రమూ విటమిన్లూ అడగకుండా రెండు లీటర్లకు దగ్గరగా ఆల్కహాలు ఇస్తుంది.

చక్కెర సంగతి సరే, ఆవిరి సంగతి చూద్దాము. లీటరుకు 30 గ్రాముల చొప్పున మూడు కిలోలు కలపాలంటే వంద లీటర్ల ద్రావణం కావాలి. దాన్ని 30 డిగ్రీల నుంచి 121 డిగ్రీలకు కాచడానికి పట్టే వేడి, చివరికి తమరు ఇచ్చే లీటరు నూనెను మండిస్తే వచ్చే వేడి కంటే ఎక్కువ. పెద్ద కర్మాగారాల్లో ఆ వేడిలో చాలా భాగాన్ని తిరిగి రాబట్టుకోవచ్చుననీ, చక్కెరను విడతలవారీగా చిక్కగా పోయవచ్చుననీ ఒప్పుకుంటాము. అయినా పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ మండించడానికి కట్టెల బేరం ఆడేవాళ్లము కనుక, ఈ లెక్క విన్న తరువాత మాకు నిద్ర పట్టలేదు.

సెంటు భూమి అక్కరలేదన్న మాటకు వద్దాము. తమరు పెరిగేది చీకటిలో. తమకు పచ్చదనం లేదు. ఎండతో సంబంధం తెంచుకున్నారు. తమ భోజనంలోని చక్కెర మాత్రం ఏడాది పొడవునా నీళ్లు తాగుతూ ఎండలో నిలబడిన చెరకుదే. భూమి ఎక్కడికీ పోలేదు, తమ సీసా వెనుకకు జరిగి కనబడకుండా నిలబడింది, అంతే. తమ తల్లి మొక్కకు ఈ అవస్థ లేదు. ఆమె విత్తనంలో మూడో వంతుకు పైగా నూనే. మొలకకు దారిబత్తెంగా దాచిపెడుతుంది. మొలకెత్తే బాధ్యత లేని తమకు ఆ పొదుపు బుద్ధి ఎందుకు ఉంటుంది? ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2014లో జన్యువులు మార్చి, పొగాకు ఆకులోనే పొడి బరువులో 15 శాతం నూనె చేరేలా చేశారు. ఆ ఆకు ఎవరినీ చక్కెర అడగలేదు.

తమకు ముందు అడవి ఆముదం (జట్రోఫా) గారు కూడా ఇలాగే వేంచేశారు. బీడు భూముల్లో, నీళ్లు లేకుండా, డీజిల్ కాస్తామన్నారు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్, అంటే మొక్కల నూనెల నుంచి చేసే డీజిల్, కలపాలన్నది. 2018 నాటి విధానం 2030కల్లా 5 శాతం చాలన్నది. 1900లో పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజన్ నడిచిన మాట నిజమే, కానీ ఆ వేరుశనగ తన ఎండను తానే సంపాదించుకున్నది.

తమరు పనికిమాలినవారని మా అభిప్రాయం కాదు. క్యాన్సరు మందు పాక్లిటాక్సెల్‌ను యూ చెట్టు కణాలు తొట్టెల్లో తయారు చేస్తున్నాయి. గాషే అనే అరుదైన వంశపారంపర్య వ్యాధికి క్యారెట్ కణాల్లో తయారైన మందుకు అమెరికాలో 2012లో అనుమతి లభించింది. గ్రాముల లెక్కన అమ్మే సరుకుకు తమ రాచమర్యాదల ఖర్చు ఎంతైనా గిట్టుతుంది. అంత గౌరవప్రదమైన కొలువును వదులుకొని, ట్యాంకర్ల లెక్కన అమ్మే సరుకులోకి తమరు దిగవలసిన అవసరమేమిటో మాకు బోధపడలేదు.

ఇంధనమే ఇస్తానని పట్టుబడితే ఒక్క విన్నపం. వేలం కేంద్రంలో మా పొగాకు బేలు (మూట) మీద బరువూ, గ్రేడూ, ధరా రాసిన చీటీ ఉండాలి. తమ సీసా మీద కూడా లీటరు నూనెకు ఎన్ని కిలోల చక్కెర పట్టిందో, ఆవిరికి ఏమి మండించారో రాసి అంటించమని తమ తరఫువారితో చెప్పగలరు. చదివి, నోబిడ్ (కొనేవారు లేరని బేలును తిప్పిపంపడం) వేయాలో వద్దో అప్పుడు ఆలోచిస్తాము.

ఇట్లు,
తమ దూరపు చుట్టం